ఎనిమిదో చొక్కా

పొద్దున్న ఏడింటికి, ఇంకా టీ కూడా తాగకముందే, ఆ ఇంట్లో ఒక కొలత తీసుకోవడం అలవాటైపోయింది. వంటింటి పక్కనున్న కుట్టుగదిలో, కిటికీకి వీపు పెట్టి ఆవిడ పీట మీద కూర్చుంటుంది. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఆవిడ ఎడమ భుజం కింద ఉన్న పుట్టుమచ్చ మీద టేపు ఆనించి అంకె చదువుతాడు. చదివి, గోడకు వేలాడదీసిన అట్టముక్క మీద తేదీ వేసి రాస్తాడు. అంకెలు చదవడం ఆయనకు కొత్తేం కాదు. ముప్పై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదువుతున్న మనిషి. వీధుల్లో పిల్లలందరికీ ఆయన మీటరు మావయ్య.

కొలతలంటే ఆవిడకూ కొత్త కాదు. పాతికేళ్ళుగా ఆ గదిలోనే టైలరు పని. కానీ తన కొలత ఇంకొకరు తీస్తుంటే మెడ వంచుకుని కూర్చోవడం మాత్రం ఈ పన్నెండు రోజుల నుంచే.

"ఎంత?" అంది ఆవిడ.

జవాబుకు ఒక్క క్షణం ఎక్కువ పట్టింది. "ఆరే."

"నిన్న?"

"నిన్నా ఆరే, మొన్నా ఆరే. అట్ట మీద రాస్తున్నానుగా, రోజూ అడుగుతావేం?"

"నా వీపు నాకు కనబడదు కదండీ. మిమ్మల్ని కాక ఎవర్ని అడగను?"

ఆయన టేపు చుట్టి సొరుగులో పెట్టేశాడు. ఆవిడ బట్టలు సర్దుకుని, టీ పెట్టడానికి లేచింది.

ఇదంతా మొదలైంది వీధి చివర డాక్టరమ్మ దగ్గర. రోజంతా మెడలో వేలాడే టేపు రాసుకుని దురద పెడుతోందేమో అనుకుని చూపించుకోవడానికి వెళితే, డాక్టరమ్మ చిన్న స్కేలు పెట్టి చూసింది. "ఆరు మిల్లీమీటర్లుంది. అంచు సమంగా లేదు, రంగు కూడా ఒకచోట ఒకలా ఉంది. కంగారుపడే పనేం లేదు గానీ, పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకు చూపించండి. ఈలోపు పెరుగుతోందేమో కనిపెట్టి ఉండండి" అంది. పెద్దాసుపత్రిలో పంతొమ్మిది రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. కంగారుపడే పనేం లేదన్న ఆ ఒక్క మాటతోనే ఇంట్లో కంగారు కాపురం పెట్టింది.

భయపడటానికి ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. కనిపెట్టి ఉండమన్నారు కాబట్టి ఆయన అట్టముక్క కత్తిరించి గళ్ళు గీశాడు. ఆవిడ మిషను ముందు కూర్చుంది. పన్నెండు రోజుల్లో ఇద్దరూ ఆ పుట్టుమచ్చ కొలత తప్ప ఇంకేదీ మాట్లాడుకోలేదంటే నమ్మాలి. పక్క ఊరికి అవతల నీళ్ళ శుద్ధి కేంద్రంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కూతురికి అసలు చెప్పనే లేదు. "దానికి సెలవులు కూడా రాలేదింకా. చెప్పారంటే ఊరుకోను" అని ఆవిడ మొదటిరోజే కట్టడి చేసింది.

ఇక అసలు సంగతి. ఆ రోజు టేపు చూపించింది ఆరు కాదు, తొమ్మిది. పదో రోజున మొదటిసారి తొమ్మిది కనబడినప్పుడు ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తొమ్మిదే. పదకొండో రోజూ అంతే. మీటరు ఎంత చూపిస్తే అంతే రాసే మనిషి ఆయన. సొంత బావమరిది ఇంటి మీటరు దగ్గర కూడా ఒక్క అంకె తగ్గించనందుకు భార్య నెలరోజులు ముఖం మాడ్చుకుని తిరిగినా చలించలేదు. అలాంటి మనిషి ఆ మూడు రోజులూ తొమ్మిది చూసి ఆరు అని పలికాడు, ఆరు అనే రాశాడు. తన జేబు పుస్తకంలో మాత్రం ఎవరికీ కనబడకుండా తొమ్మిది వేసుకున్నాడు.

టీ గ్లాసు సగంలో వదిలేసి డ్యూటీకి బయల్దేరాడు. మూడో వీధిలో ఒక అపార్టుమెంటు మెట్ల కింద, వరసగా ఉన్న ఇరవై మీటర్ల ముందు నిలబడి, ఒక్కటీ చదవకుండా కూతురికి ఫోను చేశాడు.

"బుజ్జీ, నువ్వు గాభరా పడకు" అని మొదలుపెట్టాడు. అంతకన్నా గాభరా పెట్టే మాట ఇంకోటి ఉందా?

ఆ పూట ఇంటికి స్కూలు టీచరమ్మ వచ్చింది. తను పై నెలకు అడిగిన గౌను అప్పుడే అయిపోయి హ్యాంగరుకు వేలాడుతుంటే తెల్లబోయింది.

"ఇదేంటి టైలరమ్మా! చెప్పిన తేదీకి వస్తేనే రేపు రమ్మనే దానివి, మూడు వారాల ముందే కుట్టేశావా?"

"పని పెండింగులో ఉంటే నాకు తోచదండీ."

"ఎప్పట్నించి?" అని టీచరమ్మ నవ్వి, గౌను తిరగేసి చూసింది. చూడటానికేం ఉంది? వేలాడే దారం ఒక్కటున్నా, గుండీ ఒక్కటి తక్కువైనా ఏ బట్టా ఆ గడప దాటదని వీధంతటికీ తెలుసు. పెళ్ళివాళ్ళు గుమ్మంలో నిలబడి తొందరపెట్టినా సరే, ఆఖరి గుండీ కుట్టి దారం కొరికితే గానీ ఆవిడ బట్ట చేతికివ్వదు.

టీచరమ్మ వెళ్ళాక ఆవిడ తలుపు దగ్గరికి వేసి, బీరువా కింది అరలోంచి లేత నీలం గుడ్డ తీసి మిషను మీద పరిచింది. అది కుట్టమని ఇచ్చినవాళ్ళెవరిదీ కాదు. పది రోజులుగా ఎవరూ చూడని వేళల్లో సాగుతున్న పని అది. నడుం పీకుతోంది, కళ్ళు మండుతున్నాయి. అయినా కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం కూతురు దిగింది. చేతిలో చిన్న సంచి. చెప్పులు విప్పకుండానే కుట్టుగదిలోకి వచ్చేసింది.

"ఏమే, చెప్పాపెట్టకుండా! సెలవిచ్చారా?" అంది తల్లి మిషను ఆపి.

"ఇవ్వలేదు. జీతం కోసుకోమని చెప్పి వచ్చాను. వీపు చూపించు."

తల్లి ముఖం పాలిపోయింది. అప్పుడే భోజనానికి వచ్చిన తండ్రి గుమ్మంలో నిలబడిపోయాడు.

"దీనికి ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితేనేం? నాలుగు రోజుల్లో మూడు మిల్లీమీటర్లు పెరిగితే ఇంకా నా దగ్గర దాస్తారా? ఆస్పత్రికి ఫోను చేసి తేదీ ముందుకు జరపమని అడగాలని కూడా తోచలేదా మీకు?"

"మూడు మిల్లీమీటర్లా?" ఆవిడ మెల్లగా భర్త వైపు తిరిగింది. "ఏమండీ. మీరు ఆరు అన్నారు. ఇవాళ పొద్దున కూడా ఆరు అన్నారు."

ఆయన జేబులోంచి పుస్తకం తీసి, పేజీ తిప్పి, ముందుకు చాచాడు. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. కింద గీతలు కూడా గీసి ఉన్నాయి.

ఆవిడ ఆ పుస్తకం వంక చాలాసేపు చూసింది. అరిచి ఉంటే బాగుండేది. అలిసిపోయిన గొంతుతో అంది.

"నా వీపు మీదున్న అంకె మీకు తెలుసు, ఊరవతల ఉన్న దీనికి తెలుసు. నాకు తప్ప. నేను చిన్నపిల్లనా?"

"నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనా, మీరా?"

ఆ మాటకు ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నేనే! నేనే తట్టుకోలేను, చాలా? పదమూడు రోజులైంది. నువ్వు నాతో పట్టుమని పది మాటలు మాట్లాడావా? నేను గదిలోకి వస్తే గుడ్డ మడిచేస్తావు, నేను వెళ్ళాక మిషను టకటకమంటుంది. మనిషి పక్కన కూర్చుని ఒక్క మాట అనవు. నీ వీపు తప్ప నాకు ఇంకేం చూపించావు? ఆ మచ్చ కొలిచి అంకె రాయడం కాక నన్నింకేం చెయ్యనిచ్చావు?"

"కుట్టుకుంటున్నాను. అదే నాకు తెలిసిన పని."

"ఎవరికి? ఊళ్ళోవాళ్ళవన్నీ ఎప్పుడో అయిపోయాయిగా!"

కూతురు ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"ఇద్దరూ కాసేపు ఆగండి. మా ల్యాబులో ఒక్క పరీక్ష చూసి ఏదీ రాయం. గ్లాసు నీళ్ళకే మూడుసార్లు చూస్తాం. ముందు మళ్ళీ కొలుద్దాం. అమ్మా, స్కేలెక్కడ?" అంటూ బీరువా తలుపు లాగింది.

"అందులో లేదు! అది తియ్యకు!"

ఆలస్యమైంది. కింది అరలో ఇస్త్రీ చేసి పేర్చిన చొక్కాలు ఉన్నాయి. మగవాళ్ళ చొక్కాలు. ఒక్కొక్క దాని కాలరుకు గుండుసూదితో చిన్న చీటీ గుచ్చి ఉంది. కూతురు అన్నిటికన్నా పైదాన్ని తీసి తండ్రి చేతికిచ్చింది. కనబడిన అక్షరం చదవడం ఆయన వృత్తి. పైకే చదివాడు.

"ఈ ఏడాది డ్యూటీకి."

రెండోది తీశాడు. "వచ్చే ఏడాది డ్యూటీకి." మూడోది తెల్లది. "రిటైరయ్యే రోజుకి. దండ వేస్తారు, కాలరు గట్టిది వేశాను." నాలుగోది, అయిదోది ఇంట్లో వేసుకోవడానికట. ఆరోది పట్టుకుని ఆగాడు. "భుజాలు అరంగుళం తగ్గించాను. వయసు మీద పడితే భుజాలు జారతాయి."

"ఇంక చాలండీ" అంది ఆవిడ.

ఆయన ఆపలేదు. ఏడోది చలికాలానికి. ఎనిమిదోది లేత నీలం రంగుది, ఇంకా గుండీలు పడలేదు. గుడ్డ చేతిలో వెన్నలా ఉంది. చీటీ మీద ఆవిడ గుండ్రటి రాత.

"మనవల్ని ఎత్తుకునేటప్పటికి. రెండుసార్లు ఉతికాను, పసిబిడ్డకు గుచ్చు..."

ముప్పై ఏళ్ళలో ఏ రీడింగూ సగంలో ఆపని మనిషి ఆ చీటీ పూర్తిగా చదవలేకపోయాడు. చొక్కాలన్నీ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ పీట మీద కూలబడ్డాడు.

"నాకింకా పెళ్ళే కాలేదమ్మా" అంది కూతురు. నవ్వబోయి, తనూ ఏడ్చేసింది.

"నేను లేకపోతే మీ నాన్న బజారులో రెడీమేడు కొంటాడే" అంది ఆవిడ, ఏదో తప్పు చేసి పట్టుబడినదానిలా. "అవి ఆయనకు చంకల్లో పడతాయి. చెప్పడు. అలాగే తిరుగుతాడు. ఎండలో రోజంతా చెయ్యెత్తి మీటర్లు చూసే మనిషి. అదే నా బాధ. చావంటే నాకు అంత భయం లేదు. ఈయన బిగుతు చొక్కా వేసుకుని ఎవరికీ చెప్పకుండా తిరుగుతాడని..."

ఆయన చెయ్యి చాచి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "ఇవన్నీ కుట్టిపెట్టి వెళ్ళిపోదామనుకున్నావా నువ్వు?" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, నిలువుగానూ ఊపింది.

కొంతసేపటికి కూతురు ముక్కు చీదుకుని, మిషను పక్కనున్న డబ్బాలోంచి ప్లాస్టిక్ స్కేలు తీసింది. తల్లిని వెలుగులో కూర్చోబెట్టి కొలిచింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"నాన్నా, ఆరేగా!"

"కాదు, తొమ్మిది. నేను నాలుగు రోజులుగా నా కళ్ళతో చూస్తున్నాను." ఆయన గబగబా సొరుగు లాగి టేపు తెచ్చాడు. మచ్చ మీద ఆనించి చూపించాడు. "చూడు, తొమ్మిది."

ఆవిడ మెడ తిప్పి చూసింది. తను రోజూ మెడలో వేసుకునే పసుపు రంగుది కాదు, పాత తెల్ల టేపు. పని నేర్చుకునే రోజుల్లో కొన్నది.

"దీంతోనా కొలుస్తున్నారు?"

"పసుపుది పదో రోజు పొద్దున కనబడలేదు. బల్ల మీద గుడ్డేదో హడావిడిగా మడిచి బీరువాలో తోశావు కదా, దాంతోపాటే పోయినట్టుంది. వెతుకుతూ నిన్ను కూర్చోబెట్టడం ఎందుకని సొరుగులోది తీశాను. తర్వాత ఇదే అలవాటైంది."

ఆవిడ టేపు కొస పట్టుకుని ఆయన కళ్ళజోడు ముందు పెట్టింది. "దీనికి చివర ఇనప తొడుగు ఊడిపోయి పన్నెండేళ్ళయింది. ఆ తొడుగుతో పాటు మూడు మిల్లీమీటర్లు పోయాయి. దీంతో నేను ఎప్పుడూ ఒక అంగుళం వదిలేసి కొలుస్తాను. మీరు కొస నుంచి చదివారు."

ఆయన టేపు వంక చూశాడు, గోడ మీది అట్ట వంక చూశాడు. అంకె చదవడమే తప్ప అది ఎక్కడ మొదలైందో చూడాలని ఆయనకు తోచలేదు.

"అంటే, నా జన్మలో మొదటిసారి రాసిన దొంగ రీడింగే..."

"అదే సరైందన్నమాట" అంది కూతురు.

ముందు నవ్వింది ఆవిడే. ఆ నవ్వు ఎక్కువసేపు నవ్వుగా ఉండలేదు. ముగ్గురూ ఆ చిన్నగదిలో కత్తిరింపు ముక్కల మధ్య నేల మీదే కూర్చుని, ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియకుండా ఉండిపోయారు. పదమూడు రోజుల బిగువు ఒక్కసారిగా సడలింది.

లేచేటప్పుడు ఆయన ఎనిమిదో చొక్కా పక్కనున్న గుండీల పొట్లం తీసి తన జేబులో వేసుకున్నాడు.

"అవెందుకండీ మీకు?"

"ఈ చొక్కా ఇప్పుడే పూర్తి కావద్దు" అన్నాడు అంతే.

పంతొమ్మిదో రోజు ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. చర్మం డాక్టరమ్మ భూతద్దం లాంటిది పెట్టి నిదానంగా చూసింది. ఆయన అట్టముక్క కూడా పట్టుకెళ్ళాడు. పద్ధతిగా రాసిన ఆరుల వరస చూసి డాక్టరమ్మ మెచ్చుకుంటే, "ఇందులో నాలుగు అబద్ధాలండీ. అంటే, నిజాలే" అని నసిగాడు. డాక్టరమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

"చూడటానికి మరీ భయపడేలా లేదు. కానీ చూసి చెప్పేయలేను. తీసేసి పరీక్షకు పంపుదాం. పది రోజులు పడుతుంది."

ఇంకో పది రోజులు! ఆవిడ కళ్ళు మూసుకుంది. బల్ల మీద బోర్లా పడుకున్నాక మాత్రం, "కుట్లు ఎన్ని వేస్తారండీ? దగ్గర దగ్గరగా వెయ్యండి, లాగితే పిగిలిపోకూడదు" అని చెప్పకుండా ఉండలేకపోయింది.

కూతురు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. మర్నాడు ఏడింటికి, కొలవడానికి మచ్చ లేకపోయినా, ఆవిడ అలవాటుగా కుట్టుగదిలోకి వచ్చింది. ఆయన అప్పటికే రెండు టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాడు. జేబులోంచి ఒక్క గుండీ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"చొక్కాకు పది గుండీలన్నావు కదా. ముందు ఏడు, చేతులకు రెండు, జేబు మూతకు ఒకటి. రోజుకొకటి ఇస్తాను. కుట్టినంతసేపూ నాతో మాట్లాడాలి. భయమేస్తే భయమేస్తోందని చెప్పాలి. నేనూ చెబుతాను."

"ఒక గుండీ కుట్టడానికి ఎంతసేపండీ? రెండు నిమిషాలు."

"నువ్వు నిదానంగా కుట్టు."

ఆవిడ నిదానంగానే కుట్టింది. మొదటిరోజు కాలరు గుండీ కుడుతూ, అద్దంలో కనబడని చోట వచ్చిన దాన్ని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోందని చెప్పింది. రెండోరోజు ఆయన, ఆవిడ లేని ఇంట్లో లైటు వెయ్యాలంటేనే భయంగా ఉందన్నాడు. నాలుగోరోజు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు గానీ, టీ చల్లారేదాకా పక్కపక్కనే కూర్చున్నారు. నిద్ర అంతంతమాత్రమే. అలుపు పోలేదు. కానీ ఒంటరిగా మొయ్యడం లేదు.

ఎనిమిదో గుండీ కుట్టిన రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. చెడ్డదేమీ లేదు, పూర్తిగా తీసేశాం, ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి అన్నారు. ఆవిడ ఫోను పెట్టేసి మిషను మీద తల ఆనించింది. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి అలాగే ఉంది. కంగారుగా దగ్గరికొచ్చిన మనిషికి తల ఎత్తకుండానే చెప్పింది. ఆయన అక్కడే గోడకు ఆనుకుని, కళ్ళజోడు తీసి ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

కాసేపయ్యాక ఆవిడ చెయ్యి చాచింది. "మిగిలిన రెండూ ఇటివ్వండి. పూర్తి చేసేస్తాను."

ఆయన ఒకటి ఇచ్చాడు. చేతికి కుట్టేది. ఆవిడ కుట్టి, దారం కొరికి, మళ్ళీ చెయ్యి చాచింది.

"జేబుదేది?"

"అది నా దగ్గరే ఉంటుంది."

"బాగుంది వరస! జేబు మూత తెరుచుకుని వేలాడుతుందండీ. చూసినవాళ్ళు నా పనిని ఏమనుకుంటారు?"

"ఇంకా నువ్వు కుట్టాల్సింది ఉందనుకుంటారు" అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున లేత నీలం చొక్కా తొడుక్కుని డ్యూటీకి తయారయ్యాడు. మనవల కోసం కుట్టిందని ఆవిడ గుర్తుచేస్తే, ఇప్పట్నించే మెత్తబడుతుందిలే అన్నాడు. గుమ్మం దగ్గర ఆవిడ కళ్ళు తెరుచుకున్న జేబు మూత మీద పడ్డాయి. దారం ఎక్కించిన సూది అలవాటుగా మెడలో టేపుతో పాటే వేలాడుతోంది. చెయ్యి దాని మీదికి వెళ్ళింది. వెళ్ళి, వెనక్కి వచ్చింది.

పాతికేళ్ళలో మొదటిసారి, గుండీ ఒకటి తక్కువైన చొక్కా ఆ గడప దాటింది. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.